దొరసాని రాయి నుంచి నాలుగు బారలు

తెనాలిలో చనిపోయినవాళ్ల మీద ఇంతమందికి ఇంత ఉత్సాహం ఉందని కరుణశ్రీకి మొదటి శనివారం క్లాసుకి వెళ్లాకే తెలిసింది. కల్యాణమండపం పై అంతస్తులో ఏసీ గది. వేదిక మీద ఏడు కుర్చీలు, వాటి నిండా ఏడుగురు పెద్దమనుషులు. కింద వినడానికి వచ్చినవాళ్లు పదకొండు మంది. వెనక గోడకి ఫ్లెక్సీ: ‘చారిత్రక సమాధుల పరిరక్షణ, నమోదు - ఉచిత శిక్షణ’. అందులో సమాధి బొమ్మ కూడా ఉంది. శిక్షణ నడిపే సమితి అధ్యక్షుడి చెవికీ కార్యదర్శి భుజానికీ మధ్యలో, కాస్త ఓపిగ్గా వెతికితే కనబడుతుంది.

అధ్యక్షుడు రామకోటి గారు ముప్పై ఏళ్లు కాలేజీలో కామర్సు చెప్పి, రిటైరయ్యాక చరిత్ర మీద పడ్డారు. కార్యదర్శి పున్నారావుకి టైల్స్ షాపు ఉంది. ఆయన ఏ మాట మొదలుపెట్టినా అది తిరిగి తిరిగి గ్రానైటు దగ్గరో పేవర్ బ్లాకుల దగ్గరో ఆగేది. వాళ్లిద్దరూ కలిసి గంటా ఇరవై నిమిషాలు మాట్లాడాక, కింద నుంచి సాంబారు వాసన వస్తుండగా, అసలు పాఠం చెప్పడానికి వచ్చిన గోపీకృష్ణకి పావుగంట మిగిలింది. అతను ఆర్కిటెక్చర్ లెక్చరరు. వడ్లమూడి నుంచి బస్సులో వచ్చాడు. అతనికి వేదిక మీద కుర్చీ లేదు.

ఆ పావుగంటలో అతను మూడు సంగతులు చెప్పాడు. రాయిని ఉన్న చోటు నుంచి కదపకూడదు. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు తప్ప మరో దానితో కడగకూడదు. అక్షరాలు అరిగిపోతే రంగు పూయకూడదు. ఒక అద్దం పట్టుకుని పక్కవాటుగా ఎండ వేస్తే నీడల్లో అవే పైకి లేస్తాయి. కరుణశ్రీ మూడూ నోట్సులో రాసుకుంది. వేదిక మీద ఏడుగురూ తలలూపారు. తలూపడం అయ్యాక భోజనానికి లేచారు.

కరుణశ్రీ బాపట్ల కాలేజీలో హిస్టరీ చదివి, పెళ్లయి తిరిగి సొంతూరు రేపల్లెకే వచ్చింది. ఇరవై ఏడేళ్లుగా ఆ హిస్టరీని ఇంట్లో ఎవరూ అడగలేదు. కాలవల ఆఫీసులో పనిచేసే భర్త మధుబాబు, శనివారం పొద్దున్నే పాసింజరు రైలెక్కి సమాధుల గురించి నేర్చుకోవడానికి వెళతానంటే నవ్వాడు. దానికీ ట్రైనింగు కావాలా, ఎవరైనా చివరికి ఆ పని వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు కదా అన్నాడు. ఆమె నవ్వలేదు. పేపర్లో వచ్చిన వార్త చించి దాచుకున్న ముక్క అతని ముందు పెట్టింది.

రేపల్లె పాత సమాధుల తోటని తెనాలి సమితి దత్తత తీసుకుంది. నమోదైన ప్రతి సమాధికీ నంబరు పలక, చుట్టూ చిన్న కంచె. నమోదు కాని ఖాళీ జాగా అంతా చదును చేసి, గేటు నుంచి లోపలిదాకా నడకదారి, పచ్చగడ్డి, బెంచీలు.

ఆ ఖాళీ జాగాలో కరుణశ్రీ నాయనమ్మ ఉంది.

నాయనమ్మ పేరు రిబ్కమ్మ. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దించింది. ఆమె సమాధి మీద మాత్రం ఒక్క అక్షరం లేదు. కొడుకు రాయి వేయిద్దాం, వేయిద్దాం అంటూ ఉండగానే డెబ్బై ఏడు ఉప్పెన వచ్చి మట్టి దిబ్బని కూడా నేలమట్టం చేసింది. ఆమె దిబ్బ ఒక్కదాన్నే కాదు, రాయి లేని ప్రతివాళ్ల దిబ్బనీ. అప్పటి నుంచీ రేపల్లెలో ఆ కుటుంబాలన్నీ ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని ముందుగా దొరసాని రాయి దగ్గరికి వెళతాయి. జ్వరం వచ్చి ఇక్కడే పోయిన ఒక అమెరికా దొరసానికి నూరేళ్ల కిందట నిలబెట్టిన నల్లరాయి అది. తోటకి నడిమధ్యలో, మనిషెత్తున, ఏ ఉప్పెనకీ కదలకుండా ఉండేది. అక్కడ నిలబడి రెండు చేతులూ బార్లా చాపి, ఈ వేలికొస నుంచి ఆ వేలికొస దాకా ఒక బార చొప్పున కొలుచుకుంటూ ఎవరి మనిషి దగ్గరికి వాళ్లు పోతారు. కరుణశ్రీకి తండ్రి చిన్నప్పుడే నేర్పాడు: దక్షిణానికి నాలుగు, అక్కడి నుంచి తూర్పుకి ఒకటి. తండ్రి పోయాక ఆమే కొలుస్తోంది. తన చేతులు పొట్టివి కాబట్టి బారకి బెత్తెడు కలుపుకుంటుంది.

భోజనాలయ్యాక ఆమె లేచి నిలబడి, రాయి లేని సమాధికి నంబరు ఎలా ఇస్తారని అడిగింది.

రామకోటి గారు ఆమెని చల్లగా చూశారు. "రాయి లేకపోతే అది చరిత్ర ఎలా అవుతుందమ్మా? అది ఉత్త మట్టి కదా."

గోపీకృష్ణ మూల నుంచి, రాతపూర్వకమైన ఆధారం ఉంటే నమోదు చెయ్యొచ్చండి, చెయ్యాలి కూడా, అన్నాడు. అన్నాక భయపడ్డట్టు బ్యాగు సర్దుకున్నాడు. పదకొండు మంది విన్నారు కాబట్టి రామకోటి గారు ఒప్పుకోక తప్పలేదు. ఆధారం తెస్తే, చివరి ఆదివారం రేపల్లెలో సమితి స్వయంగా కొలిచి సరిచూస్తుంది. సరిపోయిన వాటికి నంబరు. సరిపోనివి ఖాళీ జాగా. ఆ సంగతి ఆయన మినిట్స్‌లో కూడా రాయించారు. ఏ సంగతైనా మినిట్స్‌లో రాస్తే అయిపోయినట్టేనని ఆయన నమ్మకం.

ఆధారం జకరయ్య ఇంట్లో ఉంది. జకరయ్య చర్చి సంఘపెద్ద, రిటైరైన టీచరు. ఎవరేం అడిగినా కాదనలేడు, అవుననడానికీ భయపడతాడు. ఎవరిని ఎక్కడ పాతిపెట్టారో రాసిన భూస్థాపనల రిజిస్టరుని పాత దిండు గలీబులో చుట్టి, బీరువాలో పాటల పుస్తకాల కింద దాచాడు. బయటికి పంపనన్నాడు. కరుణశ్రీ రెండు మధ్యాహ్నాలు వాళ్ల వసారాలో కూర్చుని, రాయి లేని నూట అరవై మూడు మంది వివరాలూ తప్పు లేకుండా ఎత్తి రాసింది. అప్పట్లో రాసిన గుమాస్తా ఎవరో గానీ ఒకే పద్ధతి పెట్టుకున్నాడు: మార్జిన్లో పోయిన తేదీ, పక్కన పేరు, పని, వయసు, దొరసాని రాయికి ఏ దిక్కున ఎన్ని బారలు. ‘రిబ్కమ్మ, ఉపాధ్యాయిని, అరువది రెండు, దక్షిణమునకు నాలుగు బారలు, అచటి నుండి తూర్పునకు ఒక బార.’ తండ్రి చెప్పిన లెక్క పొల్లుపోలేదు. ఆమె ఆ వాక్యం దగ్గర పెన్ను ఆపి, జకరయ్య భార్య ఇచ్చిన టీ చల్లారేదాకా చూస్తూ కూర్చుంది.

రెండో శనివారం బాపట్లలో ప్రాక్టికల్సు. స్టేషనుకి అవతల తుమ్మచెట్ల మధ్య ఒంటరిగా ఉన్న చిన్న సమాధి. ఎవరో రైల్వే దొర బిడ్డదట. కరుణశ్రీ అందరికంటే ముందు వెళ్లి, హ్యాండ్‌బ్యాగులోంచి చేతి అద్దం తీసి, గోపీకృష్ణ చెప్పినట్టే పక్కనుంచి ఎండ వేసింది. రెండు వరసలు లేచాయి. బిడ్డ వయసు నాలుగు నెలల పదకొండు రోజులు. పేరున్న వరసకి అద్దం జరుపుతుండగా పున్నారావు బాత్‌రూములు కడిగే యాసిడ్ సీసాతో వచ్చాడు. మంచినీళ్లతో ఎప్పటికి తేలుతుందండీ, మా షాపులో రోజూ వాడేదే, అని ఆమె చెయ్యి అడ్డం పెట్టేలోపు బోర్లించాడు. రాయి బుసబుసమని పొంగింది. అందరూ చప్పట్లు కొట్టారు. పొంగు తగ్గి, నీళ్లు కొట్టి చూస్తే రాయి పాలలా తెల్లగా మెరిసింది. దాని మీద పేరూ లేదు, వయసూ లేదు.

రామకోటి గారు నమోదు ఫారంలో స్వదస్తూరీతో రాశారు: ‘కాలప్రభావము వలన అక్షరములు చెరిగిపోయినవి.’

తను చదివిన రెండు వరసలూ కరుణశ్రీ చెప్పబోయింది. ఆయన పెన్ను మూత పెడుతూ, ఇప్పుడు కనపడని దాన్ని ఎలా రాస్తామమ్మా, రుజువు ఉండాలి కదా, అన్నారు. ఆ రోజు నుంచి ఆమె తన ఫారాలు తనే జిరాక్సు తీయించుకుని వేరే ఫైలు పెట్టుకుంది. ఆ రోజు నుంచి గోపీకృష్ణ కూడా రాలేదు. అతని పాఠం అయిపోయిందని సమితి చెప్పింది.

చివరి ఆదివారం ఆరాధన అవగానే ఆమె తిన్నగా సమాధుల తోటకి వెళ్లింది. రిజిస్టరు చంకలో పెట్టుకుని జకరయ్య వెనక నడిచాడు. రాయి లేని మనుషుల తాలూకు వాళ్లు ఇంకో ముప్పై మందిదాకా వచ్చారు.

గేటు దగ్గర కొత్త కమాను వెలిసింది. కమాను కింద ఎర్ర గ్రానైటు దిమ్మె. దిమ్మె మీద దొరసాని రాయి. అక్షరాలన్నిటికీ బంగారు రంగు పూసి ఉంది.

కరుణశ్రీ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తోటలోకి చూసింది. నడిమధ్యలో రాయి ఉండాల్సిన చోట గాలి తప్ప ఏమీ లేదు. జేసీబీ చక్రాల గాట్లు, వాటి మీద ఇసక పరిచిన చదును నేల, ఆ నేల మీద గేటుకి సూటిగా సున్నంతో గీసిన రెండు గీతలు, పక్కన పేవర్ బ్లాకుల దొంతర.

పున్నారావు ఎదురొచ్చి, ఎలా ఉంది మేడం, అని అడిగాడు. గురువారం క్రేను పెట్టి తెచ్చామన్నాడు. బుధవారం జిల్లా నుంచి పెద్దాయన వస్తున్నారు, ఆయనకి మోకాళ్ల నొప్పులు, లోపలిదాకా నడవలేరు, ఇక్కడైతే కారు దిగగానే దండ వేసెయ్యొచ్చు. పైగా లోపలుంటే దారికి అడ్డమొస్తోంది. గ్రానైటు దిమ్మె తన సొంత కానుక.

"మరి దొరసాని గారో?" అంది కరుణశ్రీ.

"ఇదిగో, ఈవిడేగా."

"ఇది ఆవిడ పేరండి. ఆవిడ లోపలే ఉన్నారు, ఎక్కడున్నారో తెలీకుండా."

ఆ మాట పున్నారావుకి ఎక్కలేదు. రామకోటి గారికీ ఎక్కలేదని ఆ తర్వాతి అరగంటలో తేలింది. ఆయన మినిట్స్ తెరిచి, మాటంటే మాటే, కొలిచి సరిచూస్తామని చెప్పాం, చూస్తున్నాం, అన్నారు. రిజిస్టరులో దొరసాని రాయి నుంచి అని రాసి ఉంది. దొరసాని రాయి ఇదిగో. టేపు కొస గ్రానైటు దిమ్మెకి ఆనించి, బారకి ఆరడుగుల లెక్కన దక్షిణానికి నాలుగు బారలు లాగించారు. టేపు గేటు దాటింది, రోడ్డు మార్జిను దాటింది, ఎదురుగా సరోజ టీ బంకులోకి దూరింది. అక్కడి నుంచి తూర్పుకి ఒక బార తిప్పితే సరిగ్గా గ్యాస్ పొయ్యి దగ్గర ఆగింది.

సరోజ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "ఏంటండీ, నా పొయ్యి కింద ఎవరున్నారంట?"

"మిషన్ బడి టీచరమ్మ గారట," అన్నాడు టేపు పట్టుకున్న సమితి సభ్యుడు, ఏ మాత్రం నవ్వకుండా.

"పదేళ్ల నుంచి ఇక్కడే టీ కాస్తున్నాను. ఒక్కరోజు కూడా పలకరించలేదే ఆవిడ."

ఇంకో ముగ్గుర్ని కొలిచారు. ఒక దర్జీ తాతగారు ట్రాన్స్‌ఫార్మర్ కంచెలో తేలాడు. పురిట్లో పోయిన అక్కాచెల్లెళ్లిద్దరూ సైకిల్ షాపు రేకుల కిందికి వచ్చారు. వచ్చిన జనంలో కొందరు నవ్వారు, కొందరు నవ్వలేకపోయారు. రామకోటి గారు కళ్లద్దాలు తుడుచుకుని, బాధగానే ఉంది గానీ, రిజిస్టరు విశ్వసనీయం కాదని శాస్త్రీయంగా రుజువైంది, అని ప్రకటించారు. మనుషుల్ని రోడ్డు మీద పాతిపెట్టారని రాసిన పుస్తకాన్ని ప్రభుత్వానికి ఎలా చూపిస్తాం అని అడిగారు. రాళ్లున్న పద్దెనిమిది సమాధులకే నంబర్లు, మిగతాది ఖాళీ జాగా, సోమవారం పేవర్లు. తీర్మానం ముందే టైపు చేసి తెచ్చారు. కింద సంఘపెద్ద సంతకానికి చోటు వదిలారు. సంఘం ఒప్పుకుంటున్నట్టు ఆ సంతకం లేకపోతే పై ఆఫీసులో ఫైలు కదలదు. అందుకే పోయిన నెలలోనే జకరయ్యకి శాలువా కప్పారు.

జకరయ్య పెన్ను తీసుకున్నాడు. పెన్ను కాగితం దాకా వెళ్లింది.

ఇక్కడ సంతకం పడితే రేపటికి రిబ్కమ్మ పేవర్ల కింద ఉంటుంది. ఎల్లుండికి ఆవిడ ఎక్కడుందో కరుణశ్రీకి కూడా తెలియదు. ఆమెకి అరవడం రాదు. ఇంట్లో కూడా ఎప్పుడూ అరవలేదు. జకరయ్య చంకలోంచి రిజిస్టరు తీసి, పేజీ తిప్పి, టేపు పట్టుకున్నాయనకి చూపించింది.

"ఈయన్ని కూడా కొలిచిపెట్టండి. దక్షిణానికి ఆరు బారలు, పడమటికి రెండు."

అతను కొలుచుకుంటూ పోయాడు. రోడ్డు వార మురుక్కాలవ అంచున ఆగి, టేపు తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు.

"ఎవరమ్మా ఆయన?" అన్నారు రామకోటి గారు.

కరుణశ్రీ రిజిస్టరుని ఆ పేజీ దగ్గరే తెరిచి జకరయ్య చేతిలో పెట్టింది. జకరయ్య పేజీలోకి ఒకసారి, మురుక్కాలవ వైపు ఒకసారి చూశాడు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అది రామకోటి గారి పెన్ను అన్న సంగతి అతనికి గుర్తులేదు.

"మా నాన్న మురుక్కాలవలో లేడండి," అన్నాడు. "ప్రతి ఈస్టరుకీ నేను కొవ్వొత్తి వెలిగిస్తున్నాను. అది మురుక్కాలవ కాదు."

రామకోటి గారు తగ్గలేదు గానీ దారి మార్చారు. అయితే రాయి ముందు ఎక్కడుండేదో చూపించండి, అక్కడి నుంచే కొలుద్దాం, అన్నారు. చూపించలేరని ఆయనకి తెలుసు. జనం తలో మూలకీ పరిగెత్తి, ఇక్కడని ఒకరు, కాదు అక్కడని ఒకరు, పది అడుగుల తేడాతో పోట్లాడుకున్నారు. రాయి తీసేముందు సమితి ఫొటోలు తీసింది కదా, అవి చూద్దామంది కరుణశ్రీ. పున్నారావు ఉత్సాహంగా ఫోను తెచ్చాడు. నలభై మూడు ఫొటోలు. అన్నిట్లోనూ సమితి ఉంది. శాలువాలు, దండలు, రెండు వేళ్లు ఎత్తి నవ్వుతున్న క్రేను డ్రైవరు. ఒక దాంట్లో రాయి కొంచెం కనబడింది గానీ దాని ముందు పున్నారావు మోచెయ్యి ఉంది. నేల ఒక్కదాంట్లోనూ లేదు.

ఆమె ఫోను తిరిగిచ్చేసి, తోట లోపలికి నడిచి, అక్కడ మిగిలిన రాళ్ల వైపు చూస్తూ నిలబడింది. ఉత్తరం వైపు హెడ్మాస్టరు గారి రాయి ఉంది. దాని వెనక కంపౌండరు గారి రాయి. జేసీబీ అటు పోలేదు. రాళ్లున్నాయి కాబట్టి వాళ్లు సమితి పద్దెనిమిదిలోనే ఉన్నారు. ఆమె ఎత్తి రాసుకున్న నూట అరవై మూడులో లేరు. కానీ గుమాస్తా రాళ్లున్నవాళ్లనీ వదిలిపెట్టి ఉండడు. ఆమె వెనక్కి వచ్చి జకరయ్య దగ్గర రిజిస్టరు అడిగి తీసుకుంది. హెడ్మాస్టరు: ఉత్తరమునకు మూడు బారలు. కంపౌండరు: ఉత్తరమునకు ఆరు బారలు.

బార ఎన్ని అడుగులన్న గొడవే అక్కర్లేదు. మూడు నుంచి ఆరుకి ఎంత దూరమో, దొరసాని నుంచి మూడుకీ అంతే. ఆమె టేపు అడిగింది. ఎవరూ కదలకపోతే తనే వెళ్లి, మురుక్కాలవ దగ్గర పట్టుకుని నిలబడ్డ మనిషి చేతిలోంచి తీసుకుంది. హెడ్మాస్టరు రాయి నుంచి కంపౌండరు రాయికి పదిహేడు అడుగులు. అదే వరసలో హెడ్మాస్టరు రాయి నుంచి వెనక్కి, దక్షిణానికి, పదిహేడు అడుగులు. అక్కడ మడమతో ఇసకలో గుర్తు పెట్టింది.

గోతులు తీసే యాకోబు గునపం తెచ్చాడు. అంత బరువు రాయి నూరేళ్లు ఒరక్కుండా నిలబడిందంటే కింద పునాది లేకుండా ఉండదని అతనే అన్నాడు. గురువారం అతన్ని పిలిచి ఉంటే ఆ మాట అప్పుడే చెప్పేవాడు. మొదటి పోటుకి గునపం మెత్తగా దిగింది. మట్టి. రెండో పోటుకీ మట్టే. పున్నారావు వాచీ చూసుకున్నాడు. కరుణశ్రీ గునపం ఆపించింది. మళ్లీ వెళ్లి రాళ్లని చూసింది. తను కొలిచింది రాళ్ల ముందువైపు నుంచి ముందువైపుకి. అది తప్పు కాదు. మరి వరస? టేపుని కంపౌండరు రాయి నుంచి హెడ్మాస్టరు రాయి మీదుగా తిన్నగా లాగి, ఒక కన్ను మూసి చూసింది. ఆమె గుర్తు వరస నుంచి మూరెడు పడమటికి తప్పింది. ఇసకలో చెప్పు జారి ఉంటుంది.

మూరెడు తూర్పుకి జరిగి యాకోబు పొడిచాడు. గునపం ఠంగుమని చేతుల్లో అదిరింది.

అందరూ కలిసి ఇసక తీశారు. చేతుల్తో, చెప్పుల్తో, సరోజ బంకులోంచి తెచ్చిన చేటతో. ఒక తలుపంత సున్నం, ఇటుక పునాది బయటపడింది. దాని మధ్యలో రాయి అడుగు దిగి కూర్చున్న గాడి అచ్చుగా ఉంది. అక్కడి నుంచి దక్షిణానికి నాలుగు, తూర్పుకి ఒకటి కొలిస్తే పేవర్ బ్లాకుల దొంతర వచ్చింది. దొంతరని ఎవరూ చెప్పకుండానే జనం చేతులు మార్చుకుంటూ పక్కకి పెట్టేశారు. జకరయ్య తండ్రి సరిగ్గా నడకదారికి గీసిన రెండు సున్నపు గీతల మధ్య ఉన్నాడు.

రామకోటి గారు అది కూడా చూశారు. డిజైను పైకి వెళ్లిపోయిందని, దారిని ఇప్పుడు వంచడం కుదరదని అన్నారు. పెద్దాయన బుధవారం వస్తున్నారని గుర్తు చేశారు.

జకరయ్య జేబులోంచి పెన్ను తీసి ఆయనకి తిరిగిచ్చాడు. "రాయి వెనక్కి వచ్చాక పిలవండి సార్. ఇంట్లోనే ఉంటాను."

ఆ రాత్రంతా ఎన్ని ఫోన్లు తిరిగాయో ఎవరికీ తెలియదు. సోమవారం మధ్యాహ్నం క్రేను మళ్లీ వచ్చింది. పున్నారావు గ్రానైటు దిమ్మెని ఖాళీగా చూడలేక దాని మీద పూలకుండీ పెట్టించాడు. రాయి పాత గాడిలోకి దిగి కూర్చుంది. బంగారు రంగు మాత్రం పోలేదు. గీకితే అక్షరాలే పోతాయని గోపీకృష్ణ ఫోనులో చెప్పాడు. దొరసాని ఇప్పుడు సినిమా హాలు బోర్డులా మెరుస్తుంది, ఇంకో యాభై ఏళ్లు మెరుస్తుంది కూడా. దారి జకరయ్య తండ్రి దగ్గర మొదలుపెట్టి మూడు చోట్ల వంకర తిరిగింది.

బుధవారం పెద్దాయన వచ్చాడు. మోకాళ్లు పట్టుకుని వంకర దారిలో నడిచాడు, దండ వేశాడు, ఫొటో తీశారు. నేల కనబడేలా ఒకటి తియ్యమని కరుణశ్రీ ఫొటోగ్రాఫరుకి చెప్పింది గానీ అతను వినిపించుకోలేదు. రామకోటి గారు మైకు తీసుకుని, శాస్త్రీయ పద్ధతిలో సమితి ఆ పునాదిని ఎలా వెలికితీసిందో వివరించారు. హెడ్మాస్టరు, కంపౌండరు రాళ్ల మధ్య దూరాన్ని గమనించాలన్న ఆలోచన తనకి తెల్లవారుజామున నడకలో తట్టిందట. మధుబాబు ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చి వెనక నిలబడ్డాడు. పళ్లు కొరుకుతూ, నువ్వు వెళ్లి చెప్పవేంటి కరుణా, అన్నాడు. చెప్పుకోనివ్వండి, మినిట్స్‌లో రాసుకుంటే ఆయనిక వెనక్కి పోలేడు, అందామె.

సభ అయ్యాక తుది జాబితా చేతికొచ్చింది. ఒకటి నుంచి పద్దెనిమిది దాకా రాళ్లున్నవాళ్లు, ఒక్కొక్కరికీ ఒక్కో నంబరు. పంతొమ్మిది: ‘ఇతరులు, నూట అరవై మూడు’. కరుణశ్రీ ఆ కాగితం పట్టుకుని రామకోటి గారి కారు దగ్గరికి వెళ్లింది.

"ఇంతమందికి ఒక్క నంబరేంటండి?"

"అమ్మా, మీ నాయనమ్మ గారికి విడిగా ఇచ్చేస్తాను. పంతొమ్మిది ఆవిడకి, ఇరవై మిగతావాళ్లకి. సరేనా? పలకలు చేయించాలంటే పున్నారావు గారికీ కష్టం."

ఆయన ఎక్కి కూర్చున్నారు గానీ కారు తలుపు తెరిచే ఉంది. లోపల ఏసీ చల్లగా తగులుతోంది. ఒక్క ‘సరే’ అంటే రిబ్కమ్మకి పంతొమ్మిదో నంబరు పలక, కంచె, అన్నీ రేపే వస్తాయి. కరుణశ్రీ ఫైలు తెరిచింది. సోమ, మంగళవారాలు వంటింట్లో కూర్చుని నింపిన నూట అరవై మూడు ఫారాలు అందులో ఉన్నాయి, చనిపోయిన తేదీల వరసలో.

"ఆవిడ పంతొమ్మిది కాదండి," అంది. "ఆవిడ కంటే ముందు పోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆవిడది నూట నాలుగు."

ఫైలు ఆయన చేతికిచ్చింది. అది బరువుగా ఉంది. రామకోటి గారు దాన్ని ఒళ్లో పెట్టుకుని, కారు తలుపు వేయడం మరిచిపోయి, మొదటి ఫారం తిప్పారు.